సూట్‌కేసులో వచ్చిన రాయి

పోయిన వారం మా పెరట్లో రాళ్ళు మార్పించాం. మిల్టన్‌లో ఈ టౌన్‌హౌస్ కొన్నప్పుడు బిల్డర్ పరిచినవి, చలికి లేచి ఒకటి అటూ ఒకటి ఇటూ ఒరిగిపోయాయి. పనికొచ్చినాయన అన్నీ ఒకే రంగువి, ఒకే కొలతవి పరుచుకుంటూ వచ్చి, గుమ్మం పక్కనున్న నల్లరాయి దగ్గర ఆగాడు. "ఇదొక్కటీ వేరేగా ఉంది, తీసి పడేయనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి లోపల్నుంచి, "నో, డోంట్ టచ్ దట్ వన్" అని అరిచింది. అది నాకు తెలుగులో జవాబు చెప్పి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు గానీ, ఆ రాయి జోలికి ఎవరూ పోకూడదని మాత్రం దానికి బాగా తెలుసు. ఎందుకో తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు. చెప్తే నా తప్పు కూడా చెప్పుకోవాలి.

ఇది నా చిన్నతనం సంగతి. ఇరవై రెండేళ్ళ వయసు చిన్నతనమేమిటని దీర్ఘాలు తీయకండి. అన్నం వండితే అడుగంటించే వయసు, జ్వరమొస్తే అమ్మకి ఫోన్ చేసి ఏడ్చే వయసు. అది చిన్నతనం కాక ఏమిటి?

అప్పట్లో లండన్ అంటే మాకు కనడాలో, ఒంటారియోలో ఉన్న లండనే. రాణీగారి లండన్ అని ఊళ్ళో అమ్మ చెప్పుకుంటుంటే నేనూ దిద్దలేదు. ఏ బస్సెక్కినా తెలుగు వినపడేది. ఏ కాఫీ కౌంటర్ వెనక చూసినా టోపీ పెట్టుకుని మన పిల్లే. కాలేజీలు రమ్మన్నాయి, మేం విమానాలకి విమానాలు దిగాం. క్లాసు, షిఫ్టు, బస్సు, మళ్ళీ షిఫ్టు. నడవడం మర్చిపోయి పరిగెత్తడమే నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ జనమూ లేరు, ఆ హడావిడీ లేదు. మేం చాపలేసుకుని పడుకున్న బేస్‌మెంట్లలో ఇప్పుడు వ్యాయామం మిషన్లు పెట్టుకున్నారట.

మా బేస్‌మెంటు ఒక గ్రీకు ముసలావిడది. ఆవిడ పైన, నేనూ వరంగల్ నుంచి వచ్చిన ఇంకో పిల్లా కింద. గ్రీకు భాషలో నానమ్మని, అమ్మమ్మని యాయా అంటారట. వీధి వీధంతా ఆవిడని యాయా అనే పిలిచేది, మేమూ అదే పిలిచాం. ఎనభై దాటిన మనిషి, ఎప్పుడూ నల్లబట్టలే. భర్త పోయి పదేళ్ళయినా నలుపు విడవలేదు. ఆవిడ ఇంగ్లీషూ మా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి మాకు బాగా కుదిరింది.

ఆవిడ పుట్టింది సముద్రం మధ్యలో ఒక దీవిలో. దాని పేరు నాకెప్పుడూ నోరు తిరగలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో ఓడెక్కి వచ్చిందట, మళ్ళీ రెండుసార్లే వెళ్ళిందట. గుండె బాగాలేదు, ఇక విమానం ఎక్కొద్దని డాక్టర్ చెప్పేశాడు.

మేం దిగిన అక్టోబరులోనే ఆవిడ మమ్మల్ని పెరట్లోకి పిలిచి చెరొక పార ఇచ్చింది. మూలన ఒక అంజూరం చెట్టు, నా ఎత్తు కంటే కాస్త ఎక్కువ. దాని కొమ్మలన్నీ తాళ్ళతో కట్టించింది. ఒక పక్క వేళ్ళు కోయించింది. మెల్లగా చెట్టుని వంచి, పక్కన తవ్విన గోతిలో పడుకోబెట్టించింది. మీద పాత తివాచీ, దాని మీద మట్టి.

"గిదేం పనే? బతికున్న చెట్టును బొంద పెడ్తరా ఎవలన్న?" అంది వరంగల్ పిల్ల నా చెవిలో.

యాయాకి తెలుగు రాకపోయినా మొహం చదవడం వచ్చు. "చలికి చచ్చిపోతుంది. పడుకుంటే బతుకుతుంది" అంది. పార విసురుగా వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "సిగా, సిగా" అంది. మెల్లగా, మెల్లగా అని. ఏడాది పొడుగునా ఆవిడ నాతో అన్న మాటల్లో సగం ఇదే. మెట్లు దిగుతుంటే సిగా, కాఫీ గుక్కలో తాగేస్తుంటే సిగా. నాకు ఒళ్ళు మండేది. బస్సు తప్పితే ఈవిడ తీసుకెళ్తుందా?

ఐదు నెలలు ఆ చెట్టు మీద మంచు పడుతూనే ఉంది. మేం దాన్ని మర్చిపోయాం. ఏప్రిల్ ఆఖర్న ఒకరోజు మళ్ళీ పారలిచ్చింది. మట్టి తీసి, తివాచీ లాగి, చెట్టుని లేపి నిలబెట్టాం. కర్రలా ఉంది, నల్లగా. నేను పెదవి విరిచాను. పదిహేను రోజులకి కొమ్మ చివర గోరంత ఆకుపచ్చ కనపడింది. నేను షిఫ్టుకి వెళ్తూ చూసి, అక్కడే ఆగిపోయాను. వేలితో ముట్టుకుంటే తడిగా, మెత్తగా ఉంది. నాకేమిటో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత మంచు కింద అది ఊరికే పడుకుని ఉందంతే.

ఆ వేసవి మేం చేసిన అల్లరి అంతా ఇంతా కాదు. పందిరి మీద ద్రాక్ష ఇంకా పిందెలుండగానే కోసుకొచ్చి, పచ్చిమిర్చి వేసి రోకలి లేక కాఫీ కప్పు అడుగుతో నూరి పచ్చడి చేశాం. యాయాకి తెలిసిపోయింది. తిడుతుందనుకుంటే గిన్నె లాక్కుని రొట్టెతో తింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఆగి, తుడుచుకుని, మళ్ళీ తింది. మూడో రోజు తనే గిన్నెడు పిందెలు కోసి మా మెట్ల మీద పెట్టింది. ఆవిడ కుండీలో సన్నాకు తులసి లాంటి మొక్క ఒకటుండేది. దాని దగ్గర వరంగల్ పిల్ల శుక్రవారం దీపం పెడితే, ఆవిడ చూసి తన పద్ధతిలో శిలువ గుర్తు వేసుకుని, గాలికి ఆరకుండా దీపానికి చెయ్యి అడ్డం పెట్టింది.

జూలైలో ఆవిడ కొడుకు వచ్చాడు. మేం అంకుల్ అనేవాళ్ళం, మంచాయనే. టొరంటోలో ఉద్యోగం, వచ్చినప్పుడల్లా అమ్మ పక్కన కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. ఇల్లు అమ్మేశామని, ఆగస్టు చివర ఖాళీ చేయాలని, అమ్మని తన ఇంటి దగ్గర వృద్ధాశ్రమంలో చేరుస్తున్నామని చెప్పాడు. అక్కడ ఒక గది, ఒక కిటికీ, ఒక బీరువా. వెంట ఎక్కువేం తీసుకెళ్ళడానికి లేదు. ఆయన వెళ్ళాక యాయా నన్ను పెరట్లో కూర్చోబెట్టి రెండు కోరికలు చెప్పింది.

ఒకటి, ఆగస్టు మధ్యలో వాళ్ళకి మేరీమాత పండగ. దీవిలో ఆ రోజు ఎవరూ ఏ పనీ చేయరట. వాకిలి రాళ్ళ మధ్య సందులకి సున్నం వేసుకుని, పందిరి కింద బల్ల వేసుకుని, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చుంటారట. "ఒక్కరోజు. ఎవరూ గడియారం చూడకుండా నాతో ఒక్కరోజు కూర్చోవాలి. నువ్వు కూర్చుంటావా పిల్లా?" అంది. తల ఊపేశాను.

రెండోది ఒక రాయి. పెరట్లో రాళ్ళన్నీ ఆవిడ భర్త పరిచినవే, ఈ ఊరి బూడిదరంగు రాళ్ళు. ఒక్కటి మాత్రం ఆయన దీవి నుంచి ఓడలో తెచ్చాడట, పెళ్ళికి ఆవిడ పుట్టింటి గడపలోంచి పెకలించి, సూట్‌కేసులో చొక్కాల మధ్య చుట్టి. నల్లటి రాయి, చిన్న పీటంత. దాన్నొక్కదాన్నీ వెంట తీసుకెళ్తానని కొడుకుని అడిగింది, పండగ సాయంత్రం వచ్చి తవ్వి తీస్తానని ఆయన ఒప్పుకున్నాడు.

ఈ రాయి కథంతా ఆవిడ చెప్తుంటే నేను ఫోన్‌లో బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నాను. మధ్యమధ్య ఊఁ కొడుతున్నాను. కథ ముక్కలుముక్కలుగా చెవిన పడింది, ఏ రాయో పడలేదు. "దానికి మాత్రం సున్నం తగలనివ్వకు" అందట. ఊఁ అన్నానట.

పండగ రోజు యాయా, తను వచ్చేలోపు రాళ్ళ సందులకి సున్నం వేసి పెట్టమని నాకు చెప్పి, పక్కింటావిడ కారులో చర్చికి వెళ్ళింది. వరంగల్ పిల్లకి పొద్దున్నే షిఫ్టు. నాది మధ్యాహ్నం రెండుకి. యాయాతో కూర్చుంటానన్న మాట గుర్తుంది, కానీ ఒంటిగంటన్నర దాకా కూర్చుంటే కూర్చున్నట్టే కదా అని లోపల లెక్క వేసుకున్నాను. ఇంకోసారి షిఫ్టు ఎగ్గొడితే రానక్కర్లేదని మేనేజర్ చెప్పేసింది మరి.

బకెట్లో సున్నం రాత్రే నానబెట్టి ఉంది. మూత తీయగానే మా ఇంటి గోడలకి వెల్ల వేసిన రోజుల వాసన కొట్టింది. చెప్పులు విడిచి కూర్చుని, బ్రష్షుతో ఒక్కో రాయి చుట్టూ గీత గీసుకుంటూ వచ్చాను. వేసినప్పుడు నీళ్ళలా ఉంది, కనపడనే లేదు. ఇదేం సున్నం అనుకుని సగం దాకా వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, ఆరినచోటల్లా గీతలు తెల్లగా పైకి తేలుతున్నాయి. నేను చూస్తుండగానే. ఏడాదిగా రోజూ తొక్కుతున్న రాళ్ళు, ఒక్కొక్కటీ విడిగా, వేటికవే పేర్లున్నట్టు కనపడ్డాయి. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

ఆ ఊపులో వచ్చింది నల్లరాయి, సరిగ్గా పందిరి కింద, మధ్యలో. చేతిలో సున్నం, ఎదురుగా అలికినట్టున్న నల్లటి నేల, పైగా పండగ. తెలుగుపిల్ల చెయ్యి ఆగుతుందా? చుట్టూ చుక్కలు పెట్టి ఎనిమిది రేకుల పద్మం వేసేశాను. మధ్యలో చిన్న చక్రం కూడా. కనడా వచ్చాక మొదటి ముగ్గు. నాకే ముచ్చటేసింది. ముగ్గంటే నాకు తెలిసింది ఒకటే, పొద్దున్న వేస్తాం, మర్నాడు చీపురుతో ఊడ్చేస్తాం. ఆ సున్నంలో ఉప్పు, జిగురు కలుపుతారని, ఏడాదంతా వాన పడ్డా పోదని నాకేం తెలుసు?

పదకొండింటికి యాయా గేటు తీసుకుని వచ్చింది. చేతిలో చర్చిలో ఇచ్చిన రొట్టెముక్క. రాళ్ళని చూసి మొహం విచ్చుకుంది. గీతల మీద అడుగు పడకుండా చిన్నపిల్లలా నడుచుకుంటూ పందిరి దాకా వచ్చి, ఆగిపోయింది.

"ఏమిటిది?"

"ముగ్గు, యాయా. పండగ కదా."

ఆవిడ వంగి వేలితో రాసి చూసింది. రాలేదు. గోరుతో గీకింది. రాలేదు. పక్క కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చుంది. "నా రాయి" అంది. అప్పుడు ముక్కలుముక్కలుగా విన్నదంతా నా బుర్రలో ఒక్కటిగా అతుక్కుంది. సూట్‌కేసు, చొక్కాలు, పుట్టింటి గడప. సాయంత్రం తవ్వి తీసుకెళ్ళేది ఇదే. ఆవిడ మొత్తం బతుకులోంచి వెంట తీసుకెళ్ళేది ఇదొక్కటే.

లోపలికి పరిగెత్తి వెనిగర్ తెచ్చాను, గిన్నెలు తోమే పీచు తెచ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తూ రుద్దబోతుంటే ఆవిడ నా భుజం మీద చెయ్యేసింది.

"సిగా. ఆపు. రాయి గీసుకుపోతుంది. కూర్చో."

"నాదే తప్పు యాయా. నువ్వు చెప్పినప్పుడు నేను విన్లేదు."

"తెలుసు. నువ్వెప్పుడూ వినవు. కూర్చో."

వంటగదిలోకి వెళ్ళి నా ఫోన్ బియ్యం డబ్బాలో కుక్కేసి వచ్చి కూర్చున్నాను. రెండింటికి వెళ్ళాలన్న ఆలోచన రాకపోలేదు. కానీ ఆ మొహం ముందు నుంచి లేవడానికి నాకు సిగ్గేసింది.

ఆ రోజు జరిగిందంతా చెప్పమంటే చెప్పడానికేమీ లేదు, ఏమీ జరగలేదు గనక. చిన్న ఇత్తడి గిన్నెలో కాఫీ కాచింది, నురగ చెదరకుండా పోసింది. అడుగున మడ్డి దిగేదాకా ఆగమంది. ఆగాను. బియ్యం కూరి వండిన టమాటాలు, ఆలివ్‌లు, ఉప్పుజున్ను, పుచ్చకాయ. పుచ్చకాయ మీద జున్ను పెట్టుకుని తినమంటే ఇదేం తిండి అనుకున్నాను, తిన్నాక మూడు ముక్కలు లాగించాను. పందిరి సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడి, రాయి నుంచి రాయికి పాకుతూ పోయింది. ఎండ నడుస్తుందని నాకు పుస్తకంలో తెలుసు. కూర్చుని చూడటం అదే మొదటిసారి. ఒక్కో తెల్లగీతా దాటడానికి దానికి ఎంతసేపు పట్టిందో! మధ్యాహ్నం గాలి ఆగినప్పుడు యాయా కళ్ళు మూసుకుని, "ఇప్పుడు పడవలు వస్తాయి" అంది. ఆ ఊళ్ళో సముద్రం లేదు, ఉన్నదల్లా పక్కింటి వాళ్ళ గడ్డి కోసే మిషను. అయినా నేనూ కళ్ళు మూసుకుంటే, మా అమ్మతోడు, ఉప్పుగాలి తగిలింది.

అంజూరం చెట్టు కింద మొదటి పళ్ళు రాలాయి. అక్టోబరులో నేను పాతిపెట్టిన చెట్టు పండు నా నోట్లో తేనెలా కరిగిపోయింది. యాయా నన్నే చూస్తోంది.

"ఇప్పుడు చెప్పు. ఏమిటది?" అంది, ముగ్గు చూపించి.

చెప్పాను. మా అమ్మ రోజూ తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, పిండితో వేస్తుందని. అందరూ తొక్కుకుంటూ పోతారని, సాయంత్రానికి చెరిగిపోతుందని, మర్నాడు మళ్ళీ వేస్తుందని.

"రోజూ?"

"రోజూ."

"చెరిగిపోతుందని తెలిసి?"

"ఊఁ."

ఆవిడ చాలాసేపు ఆ రేకుల్నే చూసింది. "ఎందుకు మరి?"

ఎందుకో నాకు మాత్రం ఏం తెలుసు? ఎవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు. తోచింది చెప్పాను. "ముగ్గు ఉంటే ఇంట్లో మనుషులున్నారని. ఎవరైనా రావచ్చని. ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు."

యాయా చెప్పులు విడిచింది. కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, వాచిన పాదం తీసుకెళ్ళి పద్మం మధ్యలో పెట్టింది. "తొక్కొచ్చన్నావుగా" అంది. అలాగే నిలబడింది, ఎండ కంచె దిగేదాకా.

సాయంత్రం కొడుకు గునపంతో వచ్చాడు. రాయి చూసి, "ఓ మై గాడ్, వాట్ హాపెండ్?" అని కారులోంచి ఇనుప బ్రష్షు తేబోయాడు. యాయా గ్రీకులో ఏదో అంది. ఆయన బ్రష్షు కింద పెట్టేశాడు. రాయిని ముగ్గుతోనే పెకలించి, దుప్పట్లో చుట్టి కారులో పెట్టాడు. మధ్యలో గుంట మిగిలింది, చుట్టూ తెల్లగీత.

బియ్యం డబ్బాలో ఫోన్ ఏడుసార్లు మోగిందని తర్వాత చూశాను. ఆ ఉద్యోగం పోయింది. నెలలోపే ఇంకోటి దొరికింది. దాని గురించి బాధపడ్డ గుర్తు కూడా లేదు.

ఆగస్టు చివర యాయా వెళ్ళిపోయేటప్పుడు కారు కిటికీలోంచి నా చెయ్యి వదల్లేదు. "వస్తావా?" అంది. "వస్తాను యాయా, నెలనెలా వస్తాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. తర్వాత సెమిస్టరు, తర్వాత వర్క్ పర్మిట్, తర్వాత ఉద్యోగం, తర్వాత ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేయడం. రైల్లో రెండు గంటల దూరం. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటుండగానే రెండు చలికాలాలు వెళ్ళిపోయాయి. ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఇదీ నేను మా అమ్మాయికి చెప్పనిది.

అంకుల్ ఫోన్ చేసి అమ్మ పోయిందని చెప్పాడు. రాయి నాకివ్వమందట. ఆయనే తెచ్చి, దుప్పటి విప్పి గుమ్మం దగ్గర పెట్టాడు.

నేను వేసినప్పుడు గీతలు సన్నగా ఉన్నాయి. ఇప్పుడు వేలంత లావుగా, పొర మీద పొర, ముట్టుకుంటే గుచ్చుకునేంత ఎత్తుగా ఉన్నాయి. వణికిన చెయ్యి దిద్దిన గీతలు. దిద్దగా దిద్దగా ఎక్కడో దారి తప్పి ఎనిమిది రేకులు తొమ్మిదయ్యాయి.

"బూట్లకి వేసే తెల్ల పాలిష్. ప్రతి ఆదివారం పొద్దున్న నర్సుని అడిగి తెప్పించుకునేది. రాయి తలుపు దగ్గర పెట్టించి, ఒంగలేక స్టూలు మీద కూర్చుని దిద్దేది. ఎందుకమ్మా అంటే, ఆ పిల్ల వస్తానంది, ముగ్గు లేకపోతే ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతుంది అనేది" అన్నాడు అంకుల్.

ఆయన్ని లోపలికి రమ్మని కూడా అనలేకపోయాను.

పనికొచ్చినాయన రాళ్ళు సర్ది వెళ్ళిపోయాడు. నల్లరాయి గుమ్మం పక్కనే ఉంది, తొమ్మిది రేకులతో. నేను దాని మీద మళ్ళీ గీత గీయలేదు, ఎగస్ట్రా రేకు సరిచేయలేదు. ప్రతి ఆగస్టులో ఒకరోజు ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టేసి, పొద్దున్నుంచి ఎండ కంచె దిగేదాకా దాని పక్కన కూర్చుంటాను. ఆలస్యంగానే అయినా, వచ్చాను కదా యాయా.